కిటికీ పరదాలు: ఎండకు వేరు, చూపుకు వేరు

సంపాదకులకు నమస్కారం.

ఎండల నుంచి ఇంటిని కాపాడుకోవడం గురించి మాట్లాడినప్పుడల్లా మన మాటలన్నీ పైకప్పు దగ్గరే ఆగిపోతున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించిన తరువాత స్లాబుకు తెల్ల పూత వేయించుకునేవారు మా నల్లగొండలోనూ కనిపిస్తున్నారు. అది మంచి పనే. అయితే కిటికీ గుండా గదిలోకి చేరే వేడిని గురించీ, ఆ కిటికీకి ఏది కప్పితే మేలన్న దాని గురించీ ఎవరూ పెద్దగా ఆలోచిస్తున్నట్టు లేదు. పరదాలు కుట్టి బతుకుతున్న మనిషిని కాబట్టి, కొత్త ఇల్లు కట్టుకుని వచ్చే దంపతులు మొదట అడిగేది సోఫాకు ఏ రంగు నప్పుతుందన్న మాటేనని గట్టిగా చెప్పగలను. ఆ కిటికీ ఏ దిక్కున ఉంది, దాని కింద పొయ్యి ఉందా మంచం ఉందా అని నేను ఎదురడిగితే, అదేదో సంబంధం లేని ప్రశ్న అయినట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

కిటికీకి వేసే తెర రెండు పనులు చేయాలి. ఒకటి ఎండను ఆపడం, రెండోది వీధిలో పోయేవారి చూపును ఆపడం. ఈ రెండింటినీ ఒకే బట్టతో సాధించాలనుకోవడంలోనే చిక్కంతా ఉంది. గాజు దాటి లోపలికి వచ్చిన ఎండ పరదాను వేడెక్కిస్తుంది, ఆ వేడి ఇక గదిలోనే ఉండిపోతుంది, ఎందుకంటే గాజు వెలుగును సులువుగా రానిస్తుంది గాని వేడెక్కిన వస్తువుల నుంచి వెలువడే ఉష్ణ కిరణాలను మళ్లీ బయటికి పోనివ్వదు. పరదా వెనుక తెల్లని లైనింగు ఉంటే కొంత ఎండ వెనక్కి మళ్లుతుంది, ముదురు రంగుదైతే అదీ లేదు. కాబట్టి ఎండను గాజుకు బయటే ఆపాలి, చూపును మాత్రం లోపలి నుంచి ఆపితే సరిపోతుంది. ఖరీదైన బ్లాకౌట్ పరదాలు వేయించిన గది కూడా సాయంత్రానికి ఉడికిపోతోందని వాపోయేవారికి నేను చెప్పే సమాధానం ఇదే.

మన ప్రాంతపు ఎండ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరొకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య కాలమంతా కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెలో దక్షిణపు కిటికీకి నేరుగా ఎండ తగలదు. చలికాలంలో తగులుతుంది, అప్పుడు అది మనకు కావాలి కూడా. ఉత్తరపు కిటికీకి ఎండే రాదనుకోవడం కూడా సరికాదు, మే, జూన్ నెలల్లో ఉదయం, సాయంత్రం ఏటవాలుగా వస్తుంది. అసలు బాధ పడమటి కిటికీతోనే. దానిపై రెండు అడుగుల సజ్జ ఉందనుకుందాం. మే నెలలో మధ్యాహ్నం మూడున్నర ప్రాంతానికి ఆ సజ్జ నీడ నాలుగు అడుగుల కిటికీలో సగాన్నే కప్పుతుంది, ఐదు గంటలకు అడుగు మేర కూడా కప్పదు. నేలంతా కాగిపోయి, గాలి 45 డిగ్రీలకు చేరిన రోజున, ఆ మిగిలిన ఎండంతా మంచం మీదికి వచ్చి పడుతుంది.

మంచం మీదికే ఎందుకంటే, మనవాళ్లు వాస్తు ప్రకారం యజమాని పడకగదిని నైరుతి మూలకు, వంటగదిని ఆగ్నేయ మూలకు పెడతారు. వాస్తును ఇక్కడ నేను సమర్థించడమూ లేదు, తప్పుపట్టడమూ లేదు. ఆ అమరిక వల్ల పడమటి ఎండ మొత్తం పడకగదికీ, ఉదయపు లేత ఎండ వంటగదికీ దక్కుతుందన్నది మాత్రం గమనించవలసిన విషయం. జనం ఖర్చు పెట్టే తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. చుట్టాలు కూర్చునే హాలుకు రెండు పొరల పరదాలు, మెరిసే రాడ్లు, కుచ్చులు అన్నీ పెట్టిస్తారు. నైరుతి గదికి మిగిలిన బట్టతో ఏదో ఒకటి కుట్టించుకుంటారు. నన్నడిగితే చేతిలో ఉన్న డబ్బులో సగం ఆ ఒక్క పడమటి కిటికీ మీద, అదీ గోడకు బయటి వైపు ఖర్చు పెట్టమంటాను.

బయట కట్టడానికి మన దగ్గర వస్తువులకు కొదవ లేదు. మేదరివారు అల్లే వెదురు తడికను పైకి చుట్టి కట్టుకునేలా తాడు పెట్టించుకోవచ్చు, ఈతాకు చాపనైనా వేలాడదీయవచ్చు. గాలిలో తేమ లేనన్ని రోజులు వట్టివేళ్ల తడికకు నీళ్లు చల్లుకుంటే వచ్చే చల్లదనం మరి దేనికీ రాదు. మృగశిర దాటి గాలి చెమ్మగిల్లాక మాత్రం నీళ్లు చల్లి లాభం లేదు, పైగా ఆ తడికకు బూజు పడుతుంది. ఇవేవీ కుదరనివారు నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్‌ను చట్రానికి బిగించి, కిటికీకి ఆనించకుండా జానెడు ఎడంగా అమర్చుకోవచ్చు. ఆ ఎడం ముఖ్యం, అది లేకపోతే నెట్ కాగి ఆ సెగ నేరుగా గాజుకే చేరుతుంది. వీటన్నిటిలో నాకు నచ్చే గుణం ఏమిటంటే ఎండను ఆపుతూనే గాలిని రానివ్వడం. రోలర్ బ్లైండుకు ఆ గుణం లేదు. ఇక కోతుల సంగతి మీ పాఠకులకు నేను చెప్పనవసరం లేదు. వేలాడే తడిక వాటి చేతికి చిక్కితే ఒక్క పూట కూడా మిగలదు కాబట్టి, కోతుల బెడద ఉన్న బస్తీల్లో బిగించిన చట్రమే మేలు.

గాలి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక లెక్క చెబుతాను. ఇళ్ల ఇంధన పొదుపు కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం, హైదరాబాద్ ఉన్న మిశ్రమ వాతావరణ మండలంలో తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్లు, బయటి తలుపుల విస్తీర్ణం ఇంటి లోపలి వైశాల్యంలో కనీసం 12.5 శాతం ఉండాలి. చిన్న ఇళ్లకు అది నిబంధన కాకపోయినా లెక్క పనికొస్తుంది. 400 చదరపు అడుగుల ఇంటికి 50 చదరపు అడుగులు కావాలన్నమాట. రాత్రి తలుపులు వేసుకున్నాక మిగిలేవి కిటికీలే. ఇప్పుడు అందరూ పెట్టించుకుంటున్న రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, అంటే నాలుగడుగుల చదరపు కిటికీ మనకిచ్చే దారి ఎనిమిది చదరపు అడుగులే. దానికి దోమల జాలి, ఆపైన రెండు పొరల పరదా వేస్తే ఇక గాలి ఎక్కడి నుంచి వస్తుంది? పరదా రాడ్డును కిటికీ వెడల్పు కంటే రెండు వైపులా అర అడుగు ఎక్కువ పెట్టించుకుంటే, పక్కకు జరిపిన బట్ట గోడ మీదికి పోయి తెరిచిన మేరకైనా దారి మిగులుతుంది. చిన్న గదుల్లో ఈ ఒక్క మార్పు చాలా తేడా తెస్తుంది.

వంటింటి విషయంలో నా అభిప్రాయం కాస్త పట్టుదలతో కూడినది. ఆగ్నేయపు వంటింట్లో పొద్దున టిఫిన్ చేసే వేళకు తూర్పు కిటికీ నుంచి ఎండ వస్తే వచ్చిందనుకోండి, తడి గట్టు ఆరుతుంది, సింకు కింది వాసన పోతుంది. ఆ గదిని వేడెక్కించేది ఎండ కంటే పొయ్యే ఎక్కువ. పొయ్యి వేడి, పోపు ఘాటు, పప్పు కుక్కరు ఆవిరి అన్నీ పైకే లేస్తాయి కనుక కిటికీ పై సగం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. చూపును ఆపడానికి కింది సగం చాలు. బయట నిలబడిన మనిషి కంటి ఎత్తు ఐదడుగుల పైచిలుకు, ఇంటి పునాది వీధి కంటే అడుగున్నర, రెండడుగులు ఎత్తులో ఉంటుంది కాబట్టి, కింది సగం కప్పితే లోపల వంట చేసే మనిషి చాలావరకు కనిపించదు. కిటికీ నడుమ ఒక సన్నని రాడ్డు గాని, రెండు కొక్కేల మధ్య లాగి కట్టే స్ప్రింగ్ తీగ గాని వేసి, దానికి సగం పరదా ఎక్కించుకోవాలి. అద్దె ఇంట్లో గోడకు డ్రిల్లింగ్ చేయనివ్వరనే వారికి చెక్క చట్రానికి కొట్టే చిన్న కొక్కేలతోనే పని జరిగిపోతుంది.

సగం పరదా అనగానే చాలామంది దుకాణంలో తయారుగా దొరికేది తెచ్చి మడిచి కుట్టించమంటారు. తయారు పరదాలు కిటికీకి ఐదడుగులు, తలుపుకు ఏడడుగులు అన్న లెక్కన వస్తాయి. వంటింటి కిటికీ పైభాగం ఏడడుగుల ఎత్తున ఉంటుందనుకుంటే, అక్కడి నుంచి ఐదడుగులు వేలాడే పరదా నేల నుంచి రెండడుగుల ఎత్తుకు వస్తుంది. వంటగట్టేమో దాదాపు మూడడుగుల ఎత్తున ఉంటుంది. అంటే బట్ట గట్టు మీద పడి కూర నీళ్లలో నానుతుంది, గాలి వీచినప్పుడు పొయ్యి వైపు లేస్తుంది. దీన్ని ఎంతమంది ఇళ్లలో చూసి ఉంటానో చెప్పలేను. దీనికి బదులు 48 అంగుళాల పన్నా, అంటే వెడల్పు, ఉన్న నూలు బట్ట రెండు మీటర్లు కొని, దాన్ని అడ్డంగా తిప్పి, పన్నాను సగానికి కత్తిరిస్తే, రెండేసి అడుగుల ఎత్తున్న రెండు ముక్కలు వస్తాయి. పైన రాడ్డు దూరే మడత, కింద అంచు మడత పోను ఒక్కొక్కటి ఇరవై అంగుళాలు మిగులుతుంది, మూడడుగుల ఎత్తు కిటికీలో సగాన్ని కప్పడానికి అది చాలు. మూడడుగుల వెడల్పు కిటికీకి రెండు మీటర్ల బట్ట రెట్టింపు కుచ్చులతో నిండుగా ఉంటుంది. ఒకటి కిటికీకి ఉండగా రెండోది ఉతుకులో ఉంటుంది. నూలు బట్ట మొదటి తడుపులో కుదించుకుపోతుంది కనుక కత్తిరించే ముందే ఒకసారి నానబెట్టి ఆరవేయడం మరవకూడదు. దర్జీకి ఇచ్చేముందు ఈ పని ఇంట్లోనే చేసుకుంటే మాకూ తలనొప్పి తగ్గుతుంది.

పొయ్యి కిటికీ కిందనే ఉన్న ఇళ్లలో మాత్రం ఏ బట్టా వద్దు. నూలు చప్పున అంటుకుంటుంది, పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఈ రెండింటిలో ఏది నయమన్న చర్చ కంటే పొయ్యికి చెయ్యి చాపినంత దూరంలో బట్ట లేకుండా చూసుకోవడం తెలివైన పని. అలాంటి చోట కింది అద్దానికి లోపలికి కనిపించని మసక గాజు వేయించుకుంటే తుడవడమూ సులువు. గ్యాస్ గురించి కూడా ఒక మాట. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీద పరుచుకుంటుంది, అందుచేత కిటికీ తెరిచి ఉందన్న ధీమాతో ఉండకుండా, గోడ కింది భాగంలో ఒక చిన్న గాలి రంధ్రమో, బయటికి తెరుచుకునే తలుపో ఉండేలా చూసుకోవాలి. సిలిండరు ముందు అందం కోసం పరదా కట్టి మూసే అలవాటును వీలైనంత త్వరగా మానుకోవాలి.

వెనీషియన్ బ్లైండ్లు, జీబ్రా బ్లైండ్లు వంటింటికి ఎందుకు వద్దంటానో పోపు పెట్టే ఇల్లాలికి వివరించనవసరం లేదు. నూనె ఆవిరి చేరి, దాని మీద దుమ్ము పట్టి, ఒక్కో రేకునూ తుడవలేక చివరికి దాన్ని అలాగే వదిలేస్తారు. వెదురు తడిక బయటి కిటికీకి ఎంత మంచిదో వంటింటి లోపల అంత చెడ్డది, ఆ సందుల్లో చేరిన జిడ్డు వదలదు. పాలిస్టర్ బట్టకు నూనెను పట్టుకునే గుణం ఉంది, అది త్వరగా ఆరుతుంది గాని నూనె మరక ఒక పట్టాన పోదు. నూలు బట్టనైతే వేడినీళ్లలో వేసి ఉతకవచ్చు. ఇక్కడ మా ప్రాంతపు నీళ్ల సంగతి చెప్పాలి. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, కానీ బట్టకు కీడు చేసేది కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చే కాఠిన్యం. బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, ఆ సబ్బు తెల్లని పొరగా మారి బట్టకు పట్టుకుంటుంది, ముదురు రంగు పరదా రెండు ఉతుకులకే వెలిసినట్టు కనిపిస్తుంది. పరదాలను నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లతో ఉతికి, బోరు నీళ్లను నేల కడగడానికి వాడుకుంటే బట్ట ఆయుష్షు పెరుగుతుంది.

పిల్లలున్న ఇళ్లవారికి మరో హెచ్చరిక. బ్లైండ్లకు పక్కన వేలాడే తాడు చిన్నపిల్లల మెడకు చుట్టుకుని ప్రాణాలు తీసిన సంఘటనలు అనేక దేశాల్లో జరిగాయి. అందుకే అమెరికాలో 2018 చివరి నుంచి దుకాణాల్లో తయారుగా అమ్మే బ్లైండ్లకు అటువంటి తాడు ఉండరాదని ప్రమాణం తెచ్చారు. మన దుకాణాల్లో తాడున్నవే ఇంకా విరివిగా అమ్ముతున్నారు. కొనక తప్పకపోతే తాడును పిల్లల చేతికి అందని ఎత్తులో గోడ కొక్కేనికి చుట్టి ఉంచాలి. మంచాన్నీ, బల్లనూ ఆ కిటికీకి దూరంగా జరపాలి. వెదురు తడిక తాడుకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

పల్చటి నెట్ పరదా చూపును ఆపుతుందని నమ్మేవారు ఒకసారి రాత్రి దీపం వేసి వీధిలోకి వెళ్లి చూడాలి. వెలుగు ఎటువైపు ఎక్కువుంటే అటువైపున్నవి కనిపిస్తాయి. పగలు లోపలివారిని దాచిన ఆ నెట్టే రాత్రి వారిని బయటపెడుతుంది. కిటికీ గాజుకు అంటించే, అద్దంలా మెరిసే ఫిల్ముకూ ఇదే వర్తిస్తుంది. నేల అంతస్తు పడకగదికి నెట్ మీద భరోసా పెట్టుకోకూడదు.

ఇక ఏ బట్ట అన్న ప్రశ్నకు నా జవాబులో కొంత పక్షపాతం ఉంది, దాచను. చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెం నేతగాళ్లు నూలు ఇక్కత్‌లో దుప్పట్లు, పరదా బట్టలు నేస్తారు. ఇక్కత్‌లో నూలును ముందే ముడులు కట్టి రంగు వేసి ఆ తరువాత నేస్తారు కనుక బొమ్మ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు బట్టకు వెనుక వైపు వెలవెలబోతుంది, వీధిలోంచి చూసేవారికి ఆ వెనుక వైపే కనిపిస్తుంది. ఒక చిన్న ఇంటి ముఖం బయటికి ఎలా ఉండాలో పట్టించుకునేవారికి ఇంతకంటే మంచి బట్ట లేదు. ఎర్రటి రంగులు ఎండకు త్వరగా వెలిసిపోతాయి కనుక ఎండ తగిలే కిటికీకి లేత రంగునో, తెలుపు ఎక్కువున్న గళ్లనో ఎంచుకోవాలి. పుట్టపాక తేలియా రుమాలు కూడా వేయించమని ఈ మధ్య ఒకరు అడిగారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి శ్రమపడి తయారుచేసే బట్ట అది, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. దాన్ని పోపు పొగలో వేలాడదీయడం నాకు మనసొప్పక వద్దన్నాను. డబ్బుకు ఇబ్బంది పడేవారు పాత నూలు చీరనే కత్తిరించి కుట్టుకోవచ్చు. ఉతికి ఉతికి మెత్తబడిన నారాయణపేట గళ్ల చీర వంటింటి కిటికీకి ఎంత బాగుంటుందో వేసి చూసినవారికే తెలుసు.

ఈ లేఖ రాయడానికి కారణమైన రెండు విన్నపాలను మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారుల దృష్టికి తేవాలని కోరుతున్నాను. ఇందిరమ్మ పథకం కింద కనీసం 400 చదరపు అడుగుల ఇళ్లు ఊరూరా లేస్తున్నాయి. వీటి కిటికీల మీది లింటెల్ దూలానికి కాంక్రీటు పోసే రోజునే పడమటి కిటికీ బయటి పైభాగంలో రెండు ఇనుప కొక్కేలు అమర్చేలా గృహనిర్మాణ శాఖ ఇంజినీర్లు మేస్త్రీలకు చెబితే, ఆ తరువాత లబ్ధిదారు తడికో, చాపో, నెట్టో తన శక్తికి తగ్గది కట్టుకుంటాడు. కాంక్రీటు ఆరాక గోడకు రంధ్రాలు వేయించుకోవడం వారికి అదనపు ఖర్చు, చాలామంది ఆ పని చేయరు. రెండోది, చేనేత సహకార సంఘాలు తమ బట్టను తానుల చుట్టలుగా మాత్రమే కాకుండా మూడడుగుల, నాలుగడుగుల కిటికీలకు సరిపోయే కొలతల్లో, ముందే తడిపి ఆరవేసి, వంటింటి సగం పరదాల జతలుగా కుట్టించి అమ్మాలి. పట్టణాల్లోని కుట్టుపని తెలిసిన మహిళా సంఘాలకు ఆ కుట్టుపని అప్పగిస్తే చాలు, తయారు పాలిస్టర్ పరదా కొనడానికి వచ్చిన మనిషి చేతిలో పక్కనే ఉన్న నూలు జత కూడా పడుతుంది. ఏ కొలతలకు ఎంత బట్ట పడుతుందో లెక్క కట్టి ఇవ్వడానికి నాలాంటి దర్జీలు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు.

ఇట్లు,
పరదాలు కుట్టే ఒక పాఠకురాలు,
నల్లగొండ.